పదిహేడో నొక్కు

ఆ ఆసుపత్రిలో ఏడో నంబరు గది పేరెత్తితే మందుల స్టోరు ముసలాయన కూడా మాట మార్చేసేవాడు. అర్ధరాత్రి దాటాక లోపల ఎవరో లెక్కపెడతారట. ఒకటి, రెండు, మూడు... పదహారు దాకా వెళ్లి ఠక్కున ఆగుతుందట. మళ్లీ ఒకటి నుంచి మొదలు. పదిహేడు విన్నవాళ్లు లేరు.

చచ్చిపోయిన లారీ డ్రైవరే తనకి పడిన దెబ్బలు లెక్కపెట్టుకుంటున్నాడని జనం మాట. ఆ మాట వినబడినప్పుడల్లా అక్కడి నర్సు చిన్న సిస్టరు చెయ్యి కనుబొమ మీది కుట్ల మచ్చ మీదకి పోయేది.

ఆర్నెల్ల కిందటి సంగతి. ఏదో పాత పగ. ఆ డ్రైవర్ని తరుముకుంటూ వచ్చి, ఆసుపత్రి మెట్ల మీదే పడేసి కొట్టారు. తల పగిలింది, పళ్లు రాలాయి. ఆఖరున ఇనుప రాడ్డుతో గుండెల మీద ఒక్కటి వేసి పోయారు. ఏడో గదిలో మంచమెక్కించేసరికి ఊపిరి లేదు.

డాక్టరు ఇంకా రాలేదు. చిన్న సిస్టరే మంచమెక్కి రెండు చేతులతో రొమ్ము నొక్కడం మొదలుపెట్టింది. పుస్తకంలో చదవడమే తప్ప ఎన్నడూ చేసి ఎరగదు. పైకే లెక్కపెడుతూ నొక్కింది.

పదిహేడో నొక్కుకి — కటుక్కుమంది. చేతి కింద పక్కటెముక విరిగింది.

“ఆపు! చంపేస్తావ్” అంది పక్కనే ఉన్న పెద్ద సిస్టరు.

ఆపేసింది.

గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న డ్రైవరు తమ్ముడు జుట్టు పట్టుకుని ఆమె తలని గోడకేసి కొట్టాడు. కిటికీ అద్దాలు పగలగొట్టాడు. ఎముక విరిచి మా అన్నని చంపిందని ఊరంతా చెప్పుకొచ్చాడు. నిజం చెప్పొద్దూ, చిన్న సిస్టరూ అదే నమ్మింది.

ఈ వారం, జీతం భత్యం లేకుండా తన సెలవులు ఖర్చుపెట్టుకుని, పైదేశం నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. రబ్బరు బొమ్మని పడుకోబెట్టి నాలుగు రోజులు నేర్పింది. ముప్పై నొక్కులు నొక్కాలి, నోటి దగ్గర చెంప ఆనించి ఊపిరి తగులుతుందేమో చూడాలి, రెండు ఊపిర్లు ఊదాలి. చివరి రోజు ఒక మాట చెప్పింది.

“పక్కటెముక విరగొచ్చు. విరిగినా ఆపకండి. ఎముక తర్వాతైనా అతుక్కుంటుంది. మీరు ఆపితే మాత్రం మనిషి పోతాడు.”

చిన్న సిస్టరుకి అప్పుడర్థమైంది. విరిచినందుకు కాదు... ఆపినందుకు పోయాడన్నమాట. పెద్ద సిస్టరు తల పైకెత్తలేదు. సాయంత్రానికి బొమ్మని పెట్టెలో సర్దుకుని ఆ నర్సమ్మ వ్యానెక్కేసింది.

ఆ రాత్రి చిన్న సిస్టరు సెలైన్ సీసా కోసం వరండా దాటుతుంటే, ఏడో గదిలోంచి... “పద్నాలుగు... పదిహేను... పదహారు...”

ఆగింది.

పరిగెత్తేదే. కానీ ఆ లెక్క తనది. తలుపు తోసింది.

మంచం మీద తెల్లచీర. విరబోసుకున్న జుట్టు. మోకాళ్ల మీద కూర్చుని కింద ఉన్నదాన్ని రెండు చేతులతో కుమ్ముతోంది. మెల్లగా తల తిప్పింది...

పెద్ద సిస్టరు. ముఖమంతా చెమట, కన్నీళ్లు. కింద ఉన్నది దుప్పట్లో చుట్టిన దూది పరుపు.

“నిన్ను ఆపమనడం తప్పేమోనని ఆ రోజు నుంచీ అనుమానంగానే ఉందే. ఇవాళ తేలిపోయింది” అంది గుసగుసగా. “పదహారు దాటలేకపోతున్నా.”

ఆర్నెల్లుగా హడలగొట్టిన దెయ్యం ఇదా అని చిన్న సిస్టరుకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. “జరగండక్కా, నేను నొక్కుతా” అంటూ మంచమెక్కింది.

పదిహేను... పదహారు... పదిహేడు —

కటుక్కుమంది.

పరుపులో దూది తప్ప ఏమీ లేదు. ఇద్దరూ విన్నారు. పెద్ద సిస్టరు గోడకి అంటుకుపోయింది. చిన్న సిస్టరు చేతులు ఒక్క క్షణం బిగుసుకున్నాయి. ఈసారి ఆపలేదు. పళ్లు బిగబట్టి ముప్పై దాకా నొక్కింది.

నేర్పినట్టే వంగి, పరుపు మీద నోరుండాల్సిన చోట చెంప ఆనించింది.

చెంపకి వెచ్చగా ఊపిరి తగిలింది.