గంగులు పేరున ఎనిమిది బిళ్ళలు

యాభై మూడో మణికట్టు పట్టీని కనకవల్లి గాజుపలక మీద పెట్టింది. మాత్రామతి యంత్రం తెల్లబిళ్ళ జార్చింది: పారాసెటమాల్. యాభై నాలుగుకి నారింజబిళ్ళ: ఐబుప్రోఫెన్. ఏ నొప్పికి ఏది వేసుకోవాలో మనుషులు ఎంచుకునే రోజులు ఎప్పుడో పోయాయి. కడలిగోడ కట్టే పదివేలమందికీ ఎంపిక యంత్రానిదే, ఈ కిటికీలో అందించడం మాత్రం కనకవల్లిది. ఆ భాగ్యానికి ఆమెకి నర్సు చదువెందుకో యంత్రానికే తెలియాలి.

యాభై అయిదో పట్టీ తెచ్చినవాడు తవిటయ్య. పట్టీ అతని భార్య గంగులుది. మూడు రోజులుగా జ్వరం. డెంగీ అని పొద్దున్నే రక్తపరీక్షలో తేలింది. ఆ సంగతి పట్టీకెక్కేది రేపు. ఆస్పత్రి పడవ సాయంత్రానికి గాని రాదు.

నారింజబిళ్ళ పడింది.

తెరమీద కారణం వచ్చింది. నిన్నటినుంచి గంగులు పేరున ఎనిమిది తెల్లబిళ్ళలు వెళ్ళాయి, ఇంకొకటి పడితే కాలేయానికి ముప్పు.

"సిగుళ్ళంట రగతం వొస్తంది తల్లీ," అన్నాడు తవిటయ్య.

కనకవల్లి నారింజబిళ్ళని పక్కకి తోసింది. డెంగీలో అది మింగితే ఆ రక్తం ఇంకా ఎక్కువవుతుంది.

"ఎనిమిదీ తనే మింగిందా?"

తవిటయ్య తలవంచుకున్నాడు. "నేదమ్మా. పని మానుకుని అందరం వరస కట్టనేం గదా. మా నాలుగిళ్ళోళ్ళకీ ఒక్క పట్టీ మీదే పట్టుకెల్తాం. అది మింగింది పొద్దున ఒక్కటే. మాయమ్మ మీద ఒట్టు."

గోడ పనివాళ్ళ అలవాటే అది. యంత్రానికి మాత్రం పట్టీయే మనిషి.

అతను చెప్పేది అబద్ధమైతే తెల్లబిళ్ళ కాలేయాన్ని తినేస్తుంది. నిజమైతే నారింజబిళ్ళ ప్రాణం మీదకి తెస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెకి ఏడుపొచ్చింది.

"నాకేసి చూసి చెప్పు. ఒక్కటేనా?"

"ఒక్కటే."

ఆమె యంత్రం పక్కతలుపు తాళం తీసి, తెల్లబిళ్ళ అతని చేతిలో పెట్టింది. "ఇప్పుడిదొక్కటే. నీళ్ళు బాగా తాగించు. పడవ రాగానే ఎక్కించెయ్యి."

అతను పరుగెత్తాడు. తెర ఎర్రబడింది: 'ఆధారం?'

కనకవల్లి కొట్టింది: 'మనిషిని అడిగాను. ఎనిమిదిలో ఆమె మింగింది ఒక్కటే.'

అలాంటి ఆధారం మాత్రామతి ఎరగదు. ఆ ఎనిమిదీ ఎవరు మింగారో తేలేదాకా ఏ పట్టీనీ నమ్మనంది. గోడ పొడవునా మందులిచ్చే నూట పన్నెండు కిటికీల్లో బిళ్ళలు ఆగిపోయాయి. వరసలో మూలుగులు, తిట్లు. ఇంతమంది నొప్పీ తన నెత్తినే పడిందని కనకవల్లి బిక్కచచ్చిపోయింది.

ఒక ముసలామె కిటికీ దగ్గరకొచ్చింది. చేతిలోని పట్టీ ఇవ్వకుండా కొంగులో ముడేసుకుంది.

"ఇది నాది కాదమ్మా, మా తోటికోడలిది," అంది. "నన్నడుగు."