వెనక నిలబడ్డ ట్రాంబోన్

1974 ఫిబ్రవరి 17, ఆదివారం. మనవాళ్లు చెరుకు పనికి వలసొచ్చిన దీవిలో, లౌటోకాలో, పొద్దుటి నుంచి ఉక్క, ఆకు కదల్లేదు. మూడింటికి సముద్రం వైపు నుంచి మబ్బు మూసుకొచ్చి, రేకులు పగిలిపోతాయేమో అన్నంత వాన కురిసి, ఐదింటికి వెలిసింది. చెరుకాడే రోజులు కావు గనక మిల్లు చప్పుడు కూడా లేదు. పాట వినడానికి ఇంతకన్నా మంచి పూట దొరకదని అప్పలస్వామి గ్రామఫోనుకి కీ ఇచ్చాడు.

ఆయన ముప్పయ్యేళ్లు మిల్లు ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగాడు. ఎడమ చెవి అప్పటికే పోయింది. కుడిది దీపావళి దాకా ఉంటే గొప్పని డాక్టరు చెప్పాడు. ఉన్న చెవితో ఆయన తనివితీరా వినాలనుకున్నది ఒక్క ట్రాంబోన్నే, ముందుకీ వెనక్కీ జారే గొట్టమున్న ఇత్తడి బాకాని. ఐదారుగురు కలిసి వాయించిన పాత జాజ్ రికార్డుల్లో చిన్న బాకా కార్నెట్ పాట చెబుతుంది, క్లారినెట్ దాని నెత్తిన గెంతుతుంది. జనం ఆ రెండింటినీ మెచ్చుకుని లేచిపోతారు. కింద, ఎవరూ పట్టించుకోని చోట, ట్రాంబోన్ మూలుగుతూ జారుతూ మొత్తం పాటని వీపు మీద మోస్తుంటుంది. ఆ రోజుల్లో రికార్డు చెయ్యడానికి మైకులు లేవు. గోడలో ఒక పెద్ద గరాటు, దాని ముందు వాయించేవాళ్లు. గట్టిగా మోగే ట్రాంబోన్‌ని వెనక గోడకి నిలబెట్టేవారు. పైగా దాని గొట్టం బారెడు ముందుకి సాగుతుంది. ఆ దారిలో ఎవరూ ఉండకూడదు.

ఈ రికార్డు వటుకౌలాలో గనుల దొర ఎవరో ఇల్లు ఖాళీ చేసినప్పుడు పోయిన నెల దొరికింది. దాని మీది చీటీ చిరిగిపోయింది. వాయించినవాళ్ల పేర్లు లేవు.

బావమరిది విజేంద్ర, బడి మేష్టారు, తాగడానికి యంగోనా వేరు పొడిని గుడ్డలో కట్టి నీళ్లలో పిండుతున్నాడు. ఒకే పాటని మళ్లీ మళ్లీ వెయ్యడం వాళ్ల పద్ధతి. ఒకసారి కార్నెట్ కోసం, ఒకసారి క్లారినెట్ కోసం, ఆ తర్వాతవన్నీ ట్రాంబోన్ కోసం.

"అంత దూరంగా నిలబెట్టేశారు పాపం" అన్నాడు విజేంద్ర. "గొంతెండి ఉంటాడు బావా."

"అయితే నీ వంతు వాడికి పోసెయ్."

"నాదెందుకు? నీకున్నది సగం చెవి. సగం చిప్ప చాల్లే నీకు."

నవ్వుతూనే కొబ్బరిచిప్ప నిండా పోసి గ్రామఫోను ముందు పెట్టాడు. యంగోనాకి ఒక మర్యాద ఉంది. పుచ్చుకునేవాడు ఒక చప్పట కొట్టి తాగుతాడు, తాగాక మూడు కొడతాడు. చిప్ప పెట్టామంటే రమ్మన్నట్టే. దాంతో ఆటలాడరు. అది ఇద్దరికీ తెలుసు.

అప్పలస్వామి నాలుగోసారి ముల్లు పెట్టాడు. గరగరల వెనక నుంచి, దూరంగా, ఒక చప్పట వినిపించింది.

"నువ్వా?"

"నా చేతిలో గుడ్డ ఉంది బావా."

ట్రాంబోన్ అందుకుంది. వెనక గోడ దగ్గర్నుంచి కాదు. గది నడిమధ్య నుంచి. అప్పలస్వామి మొహం వెలిగింది. జారే గొట్టం రాపిడి కూడా వినిపిస్తోంది.

"ముందుకొచ్చాడ్రా."

"బస్ బావా. ఆపు."

"ఇంకొక్కసారి. ఈ చెవి మళ్లీ ఉండదు."

ఐదోసారి ఊపిరి వినిపించింది. తడి ఊపిరి. చిలుమెక్కిన ఇత్తడి వాసన, దాంతో పాతబడ్డ ఉమ్మి వాసన గదంతా పాకింది. ఆయన గ్రామఫోను ఎదురుగా కుర్చీ లాక్కుని కుడి చెవి ఆనించాడు. ఆరోసారి పాట మధ్యలో కార్నెట్ తెగిపోయింది. క్లారినెట్ కీచుమంది... ఎవరో అరిచారు... ఏదో మెత్తగా నేలకి తగిలింది. ఆపైన ట్రాంబోన్ ఒక్కటే.

విజేంద్ర ముల్లెత్తేశాడు.

పాట ఆగలేదు.

చిప్ప ఖాళీగా ఉంది. గ్రామఫోను వెనక నుంచి మూడు చప్పట్లు. ఒకటి... రెండు... మూడు.

గొట్టం సాగింది. కంటికేమీ కనబడలేదు. విజేంద్ర తల వెనక్కి విరిగినట్టు పోయింది. పళ్లు యంగోనా గిన్నెలో రాలాయి. అది వెనక్కి వెళ్లి మళ్లీ సాగింది. ఈసారి పక్కటెముకలు విరిగిన చప్పుడు. అతను కిందపడ్డాడు. స్వరం కిందికి దిగింది, అతని గొంతు ఎత్తుకి.

అప్పలస్వామి అతని కాళ్లు పట్టుకుని లాగాడు. దారి నుంచి తప్పించాడు. తప్పిస్తూ తను అడ్డం పడ్డాడు. కుడి చెవి అటువైపు ఉంది.

ఆ ఆఖరి స్వరాన్ని ఆయన పూర్తిగా విన్నాడు.

కాంత వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి తమ్ముడు నెత్తుట్లో పాకుతున్నాడు. భర్త తలలో కుడి చెవి నుంచి ఎడమ చెవి దాకా గుండ్రటి రంధ్రం ఉంది. దాంట్లోంచి అవతలి గోడ కనిపించింది.

వీలునామా మార్చిలో చదివారు. ఇల్లు కాంతకి. రికార్డులన్నీ నసీనులో కాపురముంటున్న కూతురు షీలాకి. గ్రామఫోను తెలుగు సంఘానికి. విజేంద్రకి ఏమీ లేదు. పళ్లు లేని నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. పాటలు వినే గది మాత్రం, తాళంచెవితో సహా, ఇంకో మనిషి పేర రాసి ఉంది. ఆ పేరు తల్లీ కూతుళ్లిద్దరూ ఎన్నడూ వినలేదు. రాత అప్పలస్వామిదే. తేదీ 1969. ఆ రికార్డు ఇంటికొచ్చిందే ఈ జనవరిలో.

"ఈయనెవరండీ?" అంది కాంత.

లాయరు పుస్తకం తిప్పి చూపించాడు. తాళంచెవి అందినట్టు ముందురోజు తేదీతో ఆ పేరే సంతకం చేసి ఉంది. కాగితం చిలుమెక్కిన ఇత్తడి వాసన కొట్టింది. ఎవరొచ్చారో ఆయనకి గుర్తు లేదు. తలుపు తనే తీశానని మాత్రం చెప్పగలిగాడు.