గంగాదాసు బాయి కాడ దీపం

పొద్దుమూకినంక ఆ బాయి దిక్కు ఎవలూ పోరు. ఆర్మూర్ అంగడికి పసుపు బండ్లు కట్టుకపోయేటోళ్లు గూడ దగ్గరి బాట ఇడిసిపెట్టి, సుట్టు తిరిగి పోతరు. బాయి తవ్విచ్చింది భూమేశ్వర్ తండ్రి. మోటరు భూమేశ్వర్‌ది. సుట్టూత ఉన్న పసుపు, మక్క చేండ్లు భూమేశ్వర్‌వే. అయినా ఊరంతా దాన్ని గంగాదాసు బాయి అంటది.

గంగాదాసు అండ్ల పీనుగై తేలినప్పటి సంది గంతే.

ఊళ్లె చెప్పుకునేది ఇది. గంగాదాసు కూలి మనిషి. పసుపు ఉడకబెట్టే కాలం వస్తే ఇల్లు మర్చి పొయ్యిల కాడనే ఉండేటోడు. ఒకనాడు తాగొచ్చి పెండ్లాం నీలవ్వతోని లొల్లి పెట్టుకున్నడు. నీలవ్వ బీడీల చాట పక్కకు నూకి, వాడకట్టంత వినేటట్టు, పోయి ఏ బాయిలనన్న పడి సావుమన్నది. ఆయన చీకట్లనే లేచి పోయిండు. తెల్లారి బాయిల తేలిండు.

అప్పటి సంది, అమాస రాత్రి బాయి గడ్డ మీద సన్నటి దీపం కనవడతదని… దగ్గరికి పోతే మాయమైతదని… ఎవలో గుసగుస మాట్లాడినట్టు వినవడతదని. భూమేశ్వర్ జీతగాడు ఎంకటి ఒక్కపాలి చూసి, జరమొచ్చి మంచం పట్టిండు. మల్ల చీకటి పడ్డంక మోటరు కాడికి రాలే.

భూమేశ్వర్ వాన్ని తిట్టలే, నవ్వలే. గంగాదాసు బాయిల దుంకలేదని ఊళ్లె ఎరికైన మనిషి ఆయన ఒక్కడే.

ఆ ఏడు అడివి పందులు మక్కచేను ఆగం చేస్తున్నయని, భూమేశ్వర్ చేను సుట్టూ తీగ కట్టి దానికి కరెంటు పెట్టిండు. రాత్రి బాయి కాడ కావలి కూసుంటే తీగ చిటచిటమన్నది. పంది పడ్డదనుకున్నడు. ఫ్యూజు పీకి, బ్యాటరీ లైటు పట్టుకొని పోయిండు.

పంది కాదు… మనిషి. ఇంట్ల అలిగి, చేనుకు అడ్డంబడి పోతున్న గంగాదాసు.

ఇంట్ల చిన్నపిల్లలు యాదికొచ్చిండ్రు. పోలీసులు, జైలు… గంతకు మించి ఏం తోచలే. మనిషిని భుజానేసుకొని బాయి దాక మోసిండు. తీగ చుట్టి దాచిపెట్టిండు. తెల్లారి ఊరంతా మొత్తుకుంట ఉరికొస్తే, తాడు పట్టుకొని అందరికన్న ముందు బాయిలకు దిగింది గూడ ఆయనే. పాడె మోసిండు. భూమేశ్వర్ మంచి మనిషని అందరు మెచ్చుకున్నరు.

నీలవ్వను మాత్రం ఎవలూ ఇడువలే. మొగున్ని నోటితోని సంపిందన్నరు. అత్త భీమవ్వ ఆమె చేతి బువ్వ ముట్టుడు బంజేసింది. బోరింగు కాడికి ఆమె బిందె పట్టుకొని వస్తే ఆడోళ్లు పక్కకు జరిగేటోళ్లు. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పకపోయేది. తప్పు తనదేనని ఆమె గూడ నమ్మింది.

భూమేశ్వర్ అన్నీ చూస్తనే ఉన్నడు. చెప్పేటందుకు నోరు మాత్రం రాలే. బాసర పోయి గోదాట్ల మునిగితే, నీళ్లు తల మీదికి రాంగనే ఊపిరాడక ఒడ్డుకు ఉరికొచ్చిండు. ఆర్మూర్ల పురాణం చెప్పే అయ్యగారు, యముడు పాపాత్ములను కాగే నూనెల ఏపుతడని చెప్తుంటే జనమంతా లెంపలేసుకున్నరు. భూమేశ్వర్ వాళ్ల నడుమ కూసొని, గంతేనా… అనుకున్నడు.

ఎన్నో ఏండ్లు గట్లనే పోయినయ్.

ఒక యేడు వానలు తొందరగనే ఎనుకకు పట్టినయ్. పసుపు ఆకు ముడుసుకపోతున్నది. కరెంటు రాత్రిపూటనే ఇస్తుండ్రు. ఎంకటి రాడు. అమాస చీకట్ల, లైటు పట్టుకొని భూమేశ్వరే బయలుదేరిండు.

చేను మలుపు కాడ ఆగిపోయిండు.

బాయి గడ్డ మీద దీపం.

లైటు బంజేసిండు. ఎన్నేండ్ల సంది ఎదురుచూసిందేదో ఇయ్యాల రానే వచ్చిందనుకున్నడు… ఇంటికి పోతే అది ఎనుకనే వస్తదనుకున్నడు. మెల్లగ, పసుపు సాళ్ల నడుమకెల్లి, దీపం దిక్కే నడిసిండు.

గుసగుస వినవడ్డది.

"చెప్పు… ఎందుకు పోయినవో చెప్పు…"

భూమేశ్వర్ ఉన్నకాడనే కూలవడ్డడు. ఆకులు గలగలమన్నయ్. దీపం ఎనుక ఉన్న మనిషి తల తిప్పి చూసింది. కొంగు అడ్డం పెట్టి దీపం ఊదబోయి, ఆగింది.

"దయ్యమనుకున్నవా పటేలా? నేనే… నీలవ్వను."

అమాస అమాసకు వస్తదట. ఊళ్లె ఎవలకు ఎరుక కాకుండ, కొంగు సాటుకు దీపం పెట్టుకొని వస్తదట. అలికిడైతే దీపం ఆర్పి చేండ్లకెల్లి పోతదట. ఆలుమగలన్నంక ఎవలింట్ల లొల్లి కాదు… అంతకుముందు ఎన్నిసార్లు అనలేదు, ఆయన ఎన్నిసార్లు నవ్వలేదు… ఆ ఒక్కనాడు ఎందుకు మనసుకు పెట్టుకున్నడో అడుగుతనే ఉన్ననని చెప్పింది. బదులు రాలేదట. వచ్చేదాక అడుగుతనే ఉంటదట.

భూమేశ్వర్ మన్నుల నుంచి లేచి కూసున్నడు.

"ఆయన దుంకలే, నీలవ్వా," అన్నడు.

చెప్పిండు. పందులు, తీగ, కరెంటు, భుజాన మోసుడు… అన్నీ చెప్పిండు. ఆమె కదలకుండ విన్నది.

"అయితే నా మాటకు సావలే," అన్నది చివరికి.

"లేదు."

"నా మాటకు సావలే…" ఇంకోపాలి, తనకు తానే చెప్పుకున్నట్టు అన్నది. నవ్విందో ఏడ్చిందో ఆయనకు సమజ్ కాలే. తిడుతదని, మన్ను తీసి మొఖాన కొడతదని చూసిండు. కొడితే బాగుండనుకున్నడు. ఆమె పోదామని లేస్తున్నది.

అంతటితోని ఆగినా సరిపోయేది. గాని ఒక్కసారి తెరిసిన నోరు మూతవడలే.

"ఇంకొకటున్నది…" అన్నడు. "సచ్చిండనుకున్న. బాయిలకు ఇడుస్తుంటే… నా చేతి ఏలు పట్టుకున్నడు."

దీపం ఆరింది. ఆమె ఊదిందో, గాలికి ఆరిందో.

చీకట్లకెల్లి ఆమె గొంతు వచ్చింది.

"పట్టుకుంటే…?"

"ఇడిపిచ్చుకున్న."

బాయిల ఎక్కడనో పెచ్చు ఊడి నీళ్లల్ల పడ్డది.

"తెల్లారి ఊళ్లెకు రా," అన్నది నీలవ్వ. "తీగ సంగతి, బాయిల ఏసిన సంగతి అందరి ముంగట చెప్పు. ఏలు సంగతి మాత్రం మా అత్త చెవుల పడనియ్యకు. ముసల్ది తట్టుకోదు. అది నువ్వే మోసుకో."

ఆమె పోయిన అలికిడి గూడ వినవడలే.

భూమేశ్వర్ మోటరు పెట్టలే. తెల్లారేదాక గడ్డ మీదనే కూసున్నడు. ఎలుగు రాంగనే లేచి ఊళ్లెకు పోయి, చావడి ముంగట నిలవడి చెప్పిండు. మొదలు ఎవలూ నమ్మలే. నమ్మినంక సర్పంచ్ కాశీరాం ఆర్మూర్ ఠాణాకు మనిషిని తోలిండు.

కట్టె పట్టుకొని భీమవ్వ వచ్చింది. జనం తొవ్వ ఇచ్చిండ్రు. కండ్లు సరిగ కనవడక, ఆయన మొఖానికి మొఖం పెట్టి చూసింది.

"నా కొడుకు మస్తు తండ్లాడిండా, బిడ్డా?"

భూమేశ్వర్ తల ఎత్తిండు. ముసల్దాని ఎనుక నీలవ్వ నిలవడ్డది. ఆయననే చూస్తున్నది. రెప్ప కొడతలేదు.

"లేదవ్వా," అన్నడు. "తీగ తాకంగనే పోయిండు."

ముసల్ది కట్టె కింద పడేసి, రెండు చేతులెత్తి ఆయనకు దండం పెట్టింది.