మొదటి దుప్పటిలో ఎర్ర చుక్క

ఎమ్మిగనూరు నేతగాడు ఉచ్చీరప్ప ఆదోనిలోని ప్రైవేటు డిటెక్టివ్ హబీబుల్లా గదిలోకి వచ్చాడు. అది 1978 మే నెల.

"మా పువ్వు దుప్పటికి బహుమానం వచ్చింది, సాబ్. నేతగాళ్ళ సంఘంలో డిజైన్ మాస్టరు బసవరాజు అది తనదంటాండాడు. నేను దొంగనంట. రేపటికి రుజువు సూపకుంటే సంఘమిచ్చిన మగ్గం పీక్కపోతారు."

"డిజైను నీదేనా?"

"మా ఇంట్లోదే, సాబ్."

సహాయకుడు గోవిందన్న ఆ మాట అట్లాగే రాసుకున్నాడు.

సాయంత్రం ఎమ్మిగనూరులో మగ్గం మీద రెండో దుప్పటి సగం నేసి ఉంది.

"బహుమానం దుప్పటికి ఎర్ర చుక్క ఉందని దారిలో అంటివే? దీనికి లేదేం?" అన్నాడు హబీబుల్లా.

దారం కండెలు చుడుతున్న ఉచ్చీరప్ప భార్య రుద్రమ్మ నవ్వింది. "మా ఇంట్లో మొదటి దానికే పెడతామన్నా, దిష్టి తగలకుండా. నేసేటప్పుడు నేను యాడ ఏలు పెడితే ఆడ."

హబీబుల్లా గోడమీది పాత బొంతను చాలాసేపు చూశాడు. చీరపేలికలతో కుట్టిన ఎనిమిది రేకుల పువ్వు ఎండకు వెలిసిపోయింది.

మరునాడు సంఘం ఆఫీసులో ఉచ్చీరప్ప, రుద్రమ్మలతో సహా అందరూ చేరారు. అధ్యక్షుడు హనుమన్న ముందు బహుమానం దుప్పటి పరిచి ఉంది. బసవరాజు తన గళ్ళ కాయితం విప్పాడు.

"ఉగాదికి ముందే గీసినాను. పండగ పోయినాక ఈయప్ప నా బీరువాలో చూసి నేసినాడు."

"దుప్పటిలో మాదిరే కాయితంలో గూడా మూలన ఈ ఎర్ర గడి ఎందుకు?" అడిగాడు హబీబుల్లా.

"అదే నా పనితనం. సదువులేనోళ్ళకు తెలీదులే, సాబ్."

హబీబుల్లా తల ఊపాడు. గోవిందన్న సంచిలోంచి మూడు పాత తువ్వాళ్ళు తీసి పరిచాడు. మూడింటిలోనూ ఎర్ర చుక్క ఉంది, ఒక్కోదానిలో ఒక్కోచోట.

"ఇవన్నీ వాళ్ళింట్లో మొదటి బట్టలు. అది దిష్టి చుక్క, మాస్టరూ. మగ్గం మీదనే పుడుతుంది. ఉగాదికి ముందే నీ కాయితంలోకి యాడ నుంచి వచ్చె? నువ్వు బట్ట చూసి గీసినావు. బిడ్డ బుగ్గన కాటుక చుక్క చూసి పుట్టుమచ్చ అనుకున్నావు."

బసవరాజు కాయితం మడిచాడు. విప్పమని ఎవరూ అడగలేదు.

గోవిందన్న కళ్ళు మెరిశాయి. కేసు అయిపోయిందనుకున్నాడు.

"మగ్గం నీదేలేప్పా," అంటూ హనుమన్న పెన్ను తీశాడు. "బహుమానం కాయితంలో ఉచ్చీరప్ప పేరు రాస్తాండా."

"ఆగప్పా." హబీబుల్లా సంచి అడుగునుంచి బొంత తీసి దుప్పటి పక్కన పరిచాడు. అదే పువ్వు, అవే ఎనిమిది రేకులు. "ఇది కుట్టిందెవరు, ఉచ్చీరప్పా?"

"నేసింది నేనే గదా, సాబ్!"

"గీసింది నేనే గదా అని ఆయప్ప గూడా అనె."

రుద్రమ్మ నేల చూపులు చూస్తోంది. ఉచ్చీరప్ప తన అరచేతులు చూసుకున్నాడు, తర్వాత భార్యను చూశాడు.

"రుద్రమ్మ," అన్నాడు చివరికి. "ఆ పేరే రాయప్పా."

హనుమన్న రాశాడు. రుద్రమ్మ రెండడుగులు ముందుకు వచ్చి ఆ కాయితం వైపు చూసింది.

"ఒకతూరి సదివి సెప్పన్నా," అంది.