గుడ్లగూబ కాపలా ఉన్న తోట

తొంభయ్యారు తుపాను తర్వాత మూడో ఏడు కొబ్బరికాయల వ్యాపారంలోకి దిగాను. అప్పుడు నా చేతిలో ఉన్నవి ఒక పాత లూనా, కాయను ఊపి చూసి నీళ్ళెంతో చెప్పగల చెవి, పెళ్ళి ఊసెత్తని ఇరవయ్యారేళ్ళ వయసు.

ఉప్పలగుప్తంలో తాతారావుగారి తోట బేరానికి వెళ్తే ఆయన కాయల మాట పక్కన పెట్టి, ముందు పెరట్లో మోడు కొట్టించి పెట్టమన్నారు. తుపానుకు తల విరిగిన కొబ్బరిమాను అది. దాని తొర్రలో గుడ్లగూబ కాపురం పెట్టింది. అది తొంగిచూస్తే, కూతుర్ని చూడ్డానికొచ్చిన పెళ్ళివారు రెండుసార్లు వాకిట్లోంచే వెనక్కి తిరిగారట. మళ్ళీ ఆదివారం ఎవరో వస్తున్నారు.

గొడ్డలి మనిషిని తీసుకెళ్ళేసరికి మోడుకు ఆనుకుని ఆయన కూతురు రమణి నిలబడి ఉంది.

"లోపల పిల్లలున్నాయండీ. ఇంకా రెక్కలు రాలేదు."

"ఇది ఉంటే మీ సంబంధం చెడుతుందంటున్నారండీ."

"పిట్టను చూసి పారిపోయేవాడు నన్ను చూసి ఉంటాడా అండీ?"

నవ్వు ఆపుకున్నాను. నవ్వితే బేరం పోతుంది.

ఆమె కాళ్ళ దగ్గర గుడ్లగూబ తిని కక్కిన ఎలుకల బొచ్చు, ఎముకలు ఉండలుగా పడి ఉన్నాయి. పొరుగూళ్ళో పోయిన దింపుకి, అంటే కిందటి కాయకోతకి, నేను కొన్న తోటలో ఎలుకలు చిల్లులు పెట్టి సగం పిందె రాల్చేశాయి. ఇక్కడ వెతికినా చిల్లుకాయ కనబడలేదు. ఆ మాట పైకి అనేసరికి, అదే నాన్నగారికి చెబుతున్నాననీ, ఆడపిల్ల మాట కాబట్టి వినడం లేదనీ ఆమె అంది.

గొడ్డలిని వెనక్కి పంపేశాను. తుపాను విరిచిన చెట్టు పిట్టకు ఇల్లయిందనీ, ఆ పిట్ట ఎలుకల్ని తినబట్టే మీ కాయ నిలిచిందనీ తాతారావుగారికి వివరించాను.

"లెక్క బానే ఉందబ్బాయ్. మరి అది ఉండగా పిల్ల కోసం ఈ గడప ఎవడు తొక్కుతాడు?"

"నేను తొక్కేను కదండీ."

"నువ్వు కాయల కోసం వచ్చేవు."

"ఆయ్. వచ్చింది కాయల కోసమేనండీ. ఇప్పుడడిగేది వేరు."

ఆయన కూతురి వైపు తిరిగారు. ఆమె తల వంచుకునే చెప్పింది.

"గొడ్డలి పంపేసినప్పుడే అనుకున్నాను నాన్నగారూ, అడుగుతారని."

ఆదివారం ఎవరినీ రావద్దని కబురు వెళ్ళింది.

ఆ దింపులో నాకేమీ మిగల్లేదు. కాబోయే మామగారి దగ్గర కాయ ధర తగ్గించమని నోరు పెగల్లేదు. వచ్చిన లాభమల్లా ఒకటే. అత్తారింట పొద్దు వాలాక తెల్ల రెక్కలు తోట మీదికి లేస్తుంటే, రమణి నా చెయ్యి పట్టి అరుగు మీదికి లాక్కెళ్ళి చూడమంటుంది. నేను పిట్టనే చూస్తున్నాననుకుంటుంది.