తొంభై రెండో వలయం

నేను వడ్రంగిని. చెక్క ఎలాంటిదో నాకొకరు చెప్పక్కర్లేదు. మా అడవి ఆఫీసరుకు మాత్రం కలప కాంట్రాక్టరు చెప్పాలి. పచ్చగా ఉన్న మూడొందల చెట్లను 'తెగులుతో చచ్చినవి' అని రాసి సంతకం పెట్టాడా పెద్దమనిషి.

కాలనీవాళ్ళం పదిమందిమి కలిసి అడవి కాపాడే సంఘం పెట్టుకున్నాం. నిన్న పదింటికి ఆ ఆఫీసరు ముందే విచారణ. అక్కడ ఓడిపోతే మిగతా అడవంతా రంపం కిందికే. అందుకని కొట్టేసిన ఒక చెట్టు మోడు మీంచి పళ్ళెమంత బిళ్ళ కోసి తెచ్చాను. చెట్టు బాగా బతికిందో లేదో లోపలి వలయాలే చెబుతాయి.

మొన్న మధ్యాహ్నం షెడ్డులో బల్లకు బిగించి చిత్రిక పట్టాను. ఎండకు పైరేకులు టకటకమంటున్నాయి. వలయాలు తొంభై ఒకటి. ఎక్కడా తెగులు మచ్చ లేదు. నునుపు చూద్దామని, అలవాటు కొద్దీ అరచేత్తో రుద్దాను.

చెయ్యి అంటుకుంది.

లాగితే తీగలా సాగింది... జిగురు కాదు. చీము. చచ్చిన ఎలుక కంపు. సబ్బుతో కడిగాను, కిరోసిన్‌తో కడిగాను. కంపు పోలేదు.

మా ఆవిడ గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. "దాని మీద ఈగలు చూశావా?" అంది మెల్లగా.

చూశాను. వాలుతున్నాయి... లేవడం లేదు.

"పారేయ్ దాన్ని."

"పారేస్తే రేపు ఏం చూపించను?"

విచారణలో బిళ్ళను బల్ల మీద పెట్టగానే ఆఫీసరు ఇకిలించాడు. "ఏవయ్యా వడ్రంగీ, ఈ కంపు చూశాకైనా ఒప్పుకుంటావా? కుళ్ళిన చెట్టే ఇది." అందరూ చూసేలా అరచెయ్యి దాని మీద ఆనించాడు.

అలాగే ఉండిపోయాడు. నవ్వు ముఖం మీదే ఉంది. కళ్ళు మాత్రం నావైపు తిరిగాయి. బల్ల మీంచి చిన్న చప్పుడు... ఎవరో ఎముక చప్పరిస్తున్నట్టు.

ఎలాగో చెయ్యి లాక్కుని జేబులో దోపుకున్నాడు. "నరకడం ఆపించు," అని గుమాస్తాతో గొణిగాడు. ఎడమచేత్తో సంతకం గీకి వెళ్ళిపోయాడు.

మావాళ్ళు చప్పట్లు కొట్టారు. బిళ్ళను ఎవరూ ముట్టుకోకపోతే నేనే గోనెలో చుట్టి షెడ్డుకు తెచ్చాను.

ఇవాళ పొద్దున విప్పాను. అంచున ఇంకో వలయం పెరిగింది. తొంభై రెండు. అది చెక్క కాదు. మెత్తగా, గోరువెచ్చగా ఉంది. దాని మీద అరచేతి గీతలు.

ఏమైతేనేం, అడవి మిగిలింది అనుకుంటూ గోనె కప్పబోయాను. ఆ వలయం పక్కనే తొంభై మూడోది ఉబ్బుతోంది. ఇంకా గీతలు పడలేదు.

పొద్దున్నుంచీ నా అరచెయ్యి ఒకటే దురద.