మూడో గొట్టం మీది అతుకు

“ఇది డూప్లికేటండీ.”

ఆ అమ్మాయి ఆ మాట అన్నప్పుడు షాపు నిండా కస్టమర్లు ఉన్నారు. అందరి తలలూ అటు తిరిగాయి.

బల్ల మీద ఉన్నది పాత జపాన్ స్పోర్ట్స్ కారు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. ఇంజిన్ వదిలే పొగను నాలుగు గొట్టాల్లోంచి ఒక్కచోటికి చేర్చే భాగం. ఈ రకాన్ని ఫ్యాక్టరీలో రేసుల కోసం చేత్తో అతికారు. అసలువి కొన్నే మిగిలాయి, నకళ్లకు లెక్కలేదు. ఏది అసలో ఏది నకలో తేల్చి చీటీ కట్టడమే ఆ షాపు పని.

అది ఆమె నాన్న పని. కళ్లకు ఆపరేషన్ అయ్యాక ఆయన కూతురికి అప్పగించాడు. వస్తువును తిప్పి తిప్పి చూసే అలవాటు వల్ల మెకానిక్కులు ఆమెకు స్కానర్ అని పేరు పెట్టారు. నాన్న చూడకుండా ఆమె కడుతున్న మొదటి చీటీ ఇదే. తప్పయితే పోయేది ఆయన మాట.

మానిఫోల్డ్ తెచ్చింది ఒక యువకుడు, అతని బాబాయి. కారు బాబాయిది. ఆదివారం పాత కార్ల క్లబ్బు ప్రదర్శన. అసలు భాగాలున్న కార్లకు వేరే వరస. ఆ వరసలో నిలబెట్టాలని ఆయన ఆ కారును ఏళ్లతరబడి బాగుచేస్తున్నాడు.

ఆమె కారణం చెప్పింది. ఫ్యాక్టరీ అతుకుల మీద చేప పొలుసుల్లాంటి గీతలు ఎడమవైపు వాలి ఉంటాయి. మూడో గొట్టం మీద కుడివైపు వాలాయి.

యువకుడు వంగి అతుకును చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. ఆమెనే ఎక్కువసేపు చూశాడు.

“అది కూడా కనిపెట్టారా?” అన్నాడు. గొంతులో కోపం లేదు. సంతోషంలాంటిది ఉంది. ఆమెకు ఒళ్లు మండింది. నకలు అని చీటీ కట్టేసింది. బాబాయి మానిఫోల్డ్‌ను గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు షాపు బల్ల కాలు విరిగింది. నాన్న వెనకవీధి వెల్డర్‌కు ఫోన్ చేశాడు. వానలో తడుస్తూ మెషిన్ మోసుకుని వచ్చింది ఆ యువకుడే. ఆమె ముఖం తిప్పుకుంది. అతను మాస్కు దించి, వెల్డింగ్ టార్చ్ ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఆమె ముఖం మళ్లీ ఇటు తిరిగింది.

అతుకు చల్లారాక వంగి చూసింది. ఎడమచేతి పని కాబట్టి పొలుసులు కుడివైపు వాలాయి.

“మూడో గొట్టం అతికింది మీరే.”

“మెల్లిగా అండీ. మీ నాన్నగారు వింటారు.”

“వినాలి. నిన్న షాపంతా విన్నది కదా.”

అతను మాస్కు తీసి ఉన్నది చెప్పాడు. మానిఫోల్డ్ విప్పుతుంటే చెయ్యి జారి కిందపడింది. మూడో గొట్టం అతుకు ఊడింది. బాబాయి చూడకముందే అతికి, మసి పూసి పెట్టాడు. నిన్న ఆయన పక్కనే ఉండగా నోరు పెగల్లేదు. రాత్రి ఆయన కారు మీద ముసుగు కప్పి, ఆదివారం వెళ్లనన్నాడు. చిన్నప్పటినుంచీ తనను పెంచింది ఆయనే.

దాచడం మీ తప్పు అని ఆమె అనబోయి ఆగింది. తేడా ఒకచోట కనబడగానే తను చూడటం ఆపేసింది. మిగతా మూడు గొట్టాలూ, బోల్టు రంధ్రాలూ ఏమంటున్నాయో అడగలేదు. నాన్న దగ్గరికి వెళ్లి అదే చెప్పింది.

ఆయన నల్లద్దాలు సర్దుకున్నాడు. “మన షాపు పద్ధతి తెలుసుగా అమ్మా. తప్పు చీటీ కట్టిన చెయ్యే వెళ్లి విప్పాలి.”

ఉన్నది ఒక్క గొడుగు. బాబాయి కారు షెడ్డు చేరేసరికి ఆమె పొడిగా ఉంది, అతను సగం తడిసిపోయాడు.

ఈసారి ఆమె అంతా చూసింది. మిగతా అతుకులన్నీ ఫ్యాక్టరీవే. తన తప్పు తను చెప్పింది. అతని తప్పు అతను చెప్పాడు. బాబాయి గొట్టాల మీద బొటనవేలు నడిపాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి.

“ఏదిరా నువ్వు అతికింది?”

అతను చూపించాడు.

“చెప్పకుండా దాచినందుకు నీతో మాట్లాడను. పని మాత్రం బాగుంది,” అన్నాడు బాబాయి. కారు ముసుగు తీయమని చెప్పాడు.

ఆమె పాత చీటీ విప్పి కొత్తది కట్టింది. అసలుది, మూడో గొట్టానికి మరమ్మతు, ఎడమచేతి పని అని రాసింది. ఆదివారం కారు తన వరసలో నిలబడింది.

తర్వాత అతను రోజూ షాపుకు రావడం మొదలుపెట్టాడు. ఒకరోజు బోల్టులు తెచ్చి అసలువేనా అని అడిగాడు. ఇంకోరోజు రేకు, మరోరోజు వాషర్. ఆమె ప్రతిదాన్నీ తిప్పి తిప్పి చూసేది, అవసరానికి మించి. వాన పడ్డ సాయంత్రాల్లో ఇంకొంచెం ఎక్కువ చూసేది. ఒకరోజు స్పానర్ తెచ్చాడు.

“ఇది మా షాపుదే,” అంది ఆమె. “నిన్న మీరే పట్టుకెళ్లారు.”

నాన్న చూపు అప్పటికి బాగానే వచ్చింది. “బాబూ, ఆ కారులో ఇంక తేవడానికి ఏమీ మిగల్లేదు. రేపు ఏం తెస్తావు?”

అతను స్పానర్ బల్ల మీద పెట్టి ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ ఖాళీ చీటీకి దారం ఎక్కిస్తోంది.

“బాబాయిని తీసుకొస్తానండీ.”

“ఆయనకి చీటీ అక్కర్లేదు,” అంది ఆమె. “తీసుకురండి.”